పాత తోలు కుట్టు మిషను: విప్పే ముందు ఏం చూడాలి, విప్పాక ఏం సరిచేయాలి

పాత తోలు మిషన్లలో మొరాయించేవి చాలావరకు అరిగిపోయినవి కావు, ఎండిన నూనెతో బిగుసుకుపోయినవి. ఏది అరిగిందో, ఏది బిగుసుకుందో తేల్చుకోకుండా స్క్రూలు వదులు చేస్తే బాగున్న టైమింగ్ (సూదీ, కింద దారాన్ని పట్టే హుక్కూ కలిసే సమయం) కూడా పోతుంది. ఒకసారి టైమింగ్ పోయాక అసలు జబ్బు ఏదో, మనం తెచ్చిపెట్టింది ఏదో విడదీయడం కష్టం. అందుకే సగం పని కళ్లతో, వేళ్లతో చేయాలి. పనిముట్లు తర్వాత.

ముందు మిషను ఏ రకమో తెలుసుకోండి

సింగర్ పరిశ్రమ మిషన్ల పేరులో మొదటి అంకె తరగతి, మధ్య అక్షరం ఫ్యాక్టరీ, చివరి అంకె ఆ తరగతిలో రకం. 29కె71 అంటే 29వ తరగతి, స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ దగ్గరి కిల్‌బౌవీ ఫ్యాక్టరీ తయారీ, 71వ రకం. ఆ ఫ్యాక్టరీ 1885లో మొదలై 1980లో మూతపడింది. 111డబ్ల్యు155లో డబ్ల్యు అంటే అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ ఫ్యాక్టరీ. ఈ పేరు తెలిస్తే మాన్యువల్ దొరుకుతుంది, సూది సిస్టం (సూది పొడవు, ఆకారాల రకం) తెలుస్తుంది, విడిభాగాల నంబర్లు తెలుస్తాయి. పేరు తెలియకుండా మరమ్మతు మొదలుపెట్టకండి.

సింగర్ 29 తరగతి ప్యాచర్లు చెప్పుల, బూట్ల మరమ్మతుకు పుట్టినవి. ఫుట్టే (తోలును అదిమి పట్టే పాదమే) తోలును లాగుతుంది, అది చుట్టూ 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి బూటును తిప్పకుండానే ఏ దిక్కుకైనా కుట్టవచ్చు. వీటిని 'బరువు తోలు మిషన్లు' అని అమ్ముతుంటారు, అది తప్పు. బాబిన్ (కింది దారపు చుట్ట) చిన్నది, లోపలి గేర్లు చిన్నవి. వి69, వి92 దారాలతో (అంకె పెరిగేకొద్దీ దారం మందం) హాయిగా నడుస్తాయి, వి138 వీటికి హద్దు. బెల్టులు, జీన్లు కుట్టాలని ప్యాచర్ కొంటే నిరాశే మిగులుతుంది.

సింగర్ 111డబ్ల్యు155, కాన్స్యూ 206ఆర్‌బి, జూకీ ఎల్‌యు-562, ఫాఫ్ 545 లాంటివి కాంపౌండ్ ఫీడ్ మిషన్లు. వీటిలో సూది, లోపలి ఫుట్, కింది ఫీడ్ డాగ్ (తోలును జరిపే పళ్ల పట్టీ) మూడూ కలిసి తోలును నడిపిస్తాయి. పొరలు ఒకదానిమీద ఒకటి జారవు. బ్యాగులు, పర్సులు, సీటు కవర్లు, పలుచని బెల్టులు కుట్టేవారికి పాత మిషన్లలో ఇంతకంటే మంచి ఎంపిక లేదు. 9 మి.మీ. దాకా మందం ఫుట్ కింద పట్టినా, 6-7 మి.మీ. మించితే కష్టపడతాయి.

సింగర్ 45కె, 7 తరగతి, అడ్లర్ 205 నిజమైన బరువు మిషన్లు. మందమైన దారం, పొడవైన కుట్టు, నిదానమైన నడక వీటి లక్షణం. ఇక ఆర (సూదికి ముందు బెజ్జం చేసేది), సూది రెండూ ఉన్న జీను మిషన్లు వేరే లోకం. వాటిలో వేడి మైనం దారం కోసం కుండ ఉంటుంది. ఆ దారాన్ని మామూలు మిషన్లలో వాడితే మైనం టెన్షన్ పళ్లేల్లో (దారాన్ని బిగించే బిళ్లల్లో) పేరుకుని మిషనే ఆగిపోతుంది.

ఇంట్లో వాడే పాత ఇనుప మిషన్లను పరిశ్రమ మిషన్లని అమ్మడం కూడా ఉంది. సూది నంబర్ 15×1 అయితే అది ఇంటి మిషనే, ఎంత బరువున్నా సరే.

కొనేముందు, విప్పేముందు చేసే పరీక్ష

చేతిచక్రాన్ని కుట్టేటప్పుడు తిరిగే దిక్కుకే నిదానంగా తిప్పండి. ఒక చుట్టులో ఎక్కడ బరువుగా ఉందో గమనించండి. చుట్టు మొత్తం ఒకేలా బరువుగా ఉంటే అది ఎండిన నూనె. ఒకే చోట పట్టేసి మళ్లీ వదిలేస్తే హుక్ కింద దారం ఇరుక్కుని ఉండాలి, లేదా సూది ఎక్కడో తగులుతుండాలి. పూర్తిగా కదలకపోతే బలవంతం చేయకండి.

తర్వాత ప్లే (భాగాల మధ్య వదులు) చూడండి. చక్రాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో నీడిల్ బార్‌ను (సూదిని పట్టే కడ్డీని) పైకీ కిందకీ, పక్కలకూ ఊపండి. పక్కలకు ఊగితే బార్, బుష్ (బార్ జారే గొట్టం) అరిగాయి. అలాగే హుక్‌ను వేళ్లతో తిప్పి చూడండి. కాంపౌండ్ ఫీడ్ మిషనులో కొద్దిగా కదలిక మామూలే. హుక్ మొన మిల్లీమీటరు కంటే ఎక్కువ ముందుకూ వెనక్కూ తిరుగుతుంటే గేర్లో, బెల్టో, సెట్ స్క్రూలో అనుమానించాలి.

భయపడాల్సిన పనిలేనివి: పైపై తుప్పు, పోయిన స్లైడ్ ప్లేటు, విరిగిన చెక్ స్ప్రింగ్ (పై దారాన్ని బిగువుగా ఉంచేది), పాడైన రంగు, మొద్దుబారిన ఫీడ్ డాగ్. భయపడాల్సినవి: పగిలిన ఇనుప పోత, భాగాలు దొరకని మోడల్‌లో విరిగిన హుక్ మొన, ఊగిపోయే ప్రధాన షాఫ్ట్, ఎవరో రంధ్రం పెద్దదిచేసి వేరే మర బిగించిన చోట్లు. సింగర్ స్క్రూల మరలు చాలావరకు మామూలు దుకాణపు బోల్టుల కొలతలకు కలవవు, కాబట్టి ఒక స్క్రూ పోతే దాన్నే వెతికి తెచ్చుకోవాలి. రంగు మెరుస్తోందని కొనడం, రంగు పోయిందని వదిలేయడం రెండూ పొరపాట్లే. డబ్బు హుక్‌కీ, ఫీడ్‌కీ పెట్టండి.

బిగుసుకున్న మిషనును వదిలించడం

కిరసనాయిల్లో నాలుగో వంతు మిషనాయిల్ కలిపి, నూనె రంధ్రాలన్నిటిలో చుక్క చుక్కగా వేయండి. కదిలే రెండు భాగాలు కలిసే ప్రతిచోటా వేయాలి: నీడిల్ బార్ పైభాగం, టేక్-అప్ లివర్ (దారాన్ని పైకి లాగే చేయి) కీలు, ఫుట్ బార్, కింది షాఫ్టుల చివర్లు, ఫీడ్ ఫోర్కు. ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు చక్రాన్ని చిన్నగా ముందుకూ వెనక్కూ ఆడించండి. కదిలినంతే చాలు, మళ్లీ నూనె వేసి ఆడించండి. నూనె నల్లగా, గోధుమరంగుగా కారుతుంది. అది కారుతున్నంతసేపూ తుడుస్తూ వేస్తూ ఉండాలి. మూడు నాలుగు రోజులు పట్టినా తొందరపడకండి.

మొండిచోట్లకు హెయిర్ డ్రయర్ వేడి బాగా పనిచేస్తుంది. గడ్డకట్టిన నూనె మెత్తబడి, వేసిన కిరసనాయిలు లోపలికి దిగుతుంది. మంట మాత్రం వద్దు, దానితో పోత పగలవచ్చు, రంగు ఎలాగూ పోతుంది. కిరసనాయిలు వేసిన చోటికి వేడి తగిలిస్తున్నాం కాబట్టి గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా, కారిన నూనె తుడిచాకే చేయాలి. సుత్తి దెబ్బ తప్పదనుకుంటే మధ్యలో ఇత్తడి కడ్డీ పెట్టి చిన్నగా కొట్టండి. చక్రానికి పొడవాటి కడ్డీ తగిలించి తిప్పడం ఎన్నడూ చేయకండి. ఎక్కడో ఇరుక్కున్న భాగం మీదే ఆ బలమంతా పడి, మధ్యలోని బలహీనమైన గేరు పళ్లు రాలిపోతాయి.

111డబ్ల్యు155లో కుట్టు పొడవు మార్చడానికి పడక (మిషను అడుగు పలక) మీది గుండీ నొక్కి, అది లోపలి గాడిలో పడేదాకా చక్రం తిప్పి, నొక్కి ఉంచే కావాల్సిన అంకెకు తిప్పాలి. చాలా మిషన్లలో ఇది నూనె ఎండి కదలదు, దాన్ని చూసి 'పొడవు మారడం లేదు, చెడిపోయింది' అంటారు. కుట్టు పొడవును నిర్ణయించే ఎక్సెంట్రిక్ (కేంద్రం తప్పిన చక్రం) మీద కిరసనాయిలు రెండు మూడు రోజులు పోసి ఆడిస్తే వస్తుంది. దీనికి విరుద్ధంగా, కుట్టు పొడవు దానంతట అదే మారుతుంటే ఎక్సెంట్రిక్ పట్టు వదులైంది. దాని బిగింపు స్క్రూలను కొద్దికొద్దిగా బిగించాలి.

కిరసనాయిలు కడిగే ద్రవమే, కందెన కాదు. అన్నీ కదిలాక మళ్లీ శుభ్రమైన మిషనాయిల్ నిండుగా వేసి, చేత్తో ఓ ఇరవై ముప్పై చుట్లు తిప్పాలి. చొచ్చుకుపోయే స్ప్రేలను కందెనగా వాడి వదిలేస్తే కొన్నాళ్లకు మళ్లీ జిగురవుతాయి. వంటనూనె, ఇంజన్ ఆయిల్ ఎప్పుడూ వద్దు.

శుభ్రం, తుప్పు, రంగు

నల్లటి జపాన్ పూత మీద బంగారు రంగు బొమ్మలుంటే, వాటి మీద ఉండే పల్చటి షెల్లాక్ (లక్క) పొరే వాటికి రక్ష. స్పిరిట్టు, అసిటోన్, థిన్నర్, అమోనియా కలిసిన కడుగుడు నీళ్లు ఆ పొరను కరిగిస్తాయి, బొమ్మ గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. మిషనాయిల్‌తో తడిపిన మెత్తటి గుడ్డ ఒక్కటే నమ్మదగినది. ముందు కంటికి కనిపించని మూల రుద్ది చూడండి.

తుప్పు పట్టిన చిన్న భాగాలను విప్పి, సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో (లీటరుకు 50 గ్రాములు) కొన్ని గంటలు నానబెట్టండి. మధ్యమధ్యలో తీసి బ్రష్‌తో తోమండి. వెంటనే కడిగి, ఆరబెట్టి, నూనె పూయాలి, లేకుంటే గంటలోనే మళ్లీ ఎర్రబడతాయి. స్ప్రింగులను యాసిడ్‌లో వేయకండి. గట్టి ఉక్కు స్ప్రింగు పెళుసుబారి తర్వాత విరుగుతుంది. రంగున్న భాగాలనూ వేయకండి.

స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడి అడుగుదాకా, గాడి వెడల్పంతా నిండేలా ఉండాలి. ఏటవాలు మొన గాడి అంచులను చీల్చేస్తుంది. బిగుసుకున్న స్క్రూను విప్పేముందు కాస్త బిగించే దిక్కుకు తిప్పి చూడండి, పాత పట్టు తెగుతుంది. విప్పిన ప్రతి భాగాన్నీ ముందు ఫోటో తీసుకోండి.

హుక్ టైమింగ్

కుట్లు తప్పుతున్నాయంటే అందరూ నేరుగా హుక్ స్క్రూలు వదులు చేస్తారు. అది చివర చేయాల్సిన పని. ముందు ఈ మూడూ చూడండి.

మొదటిది సూది. 111డబ్ల్యు155కు సిస్టం 135×17 (గుండ్రని మొన) లేదా 135×16 (తోలు మొన) కావాలి. ఫాఫ్ 545కు 134-35, ప్యాచర్‌కు 29×3. పొడవు వేరైన సూది పెట్టి టైమింగ్ కుదర్చబోతే, దానికి సరిపోయేలా అన్నీ చెడగొట్టి, మళ్లీ సరైన సూది పెట్టినరోజు అన్నీ తిరగదోడాల్సి వస్తుంది. రెండోది సేఫ్టీ క్లచ్. మందపాటి చోట దారం ఇరుక్కుంటే హుక్ విరగకుండా ఈ క్లచ్ జారుతుంది. జారాక హుక్ తిరుగుతున్నట్టే ఉంటుంది కానీ సమయం తప్పుతుంది. మీ మోడల్ మాన్యువల్ చెప్పినట్టు దాన్ని తిరిగి పట్టించండి, 'టక్' మని వినిపిస్తుంది. సగం మిషన్లు ఇక్కడే బాగవుతాయి. మూడోది పై షాఫ్టునూ కింది షాఫ్టునూ కలిపే బెల్టు ఒక పన్ను జారడం. 111డబ్ల్యులో టేక్-అప్ లివర్ అన్నిటికన్నా పైకి వచ్చినప్పుడు కింది కాలర్ మీది గీత బాణం గుర్తుకు ఎదురుగా ఉండాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా కుట్లు తప్పితేనే కొలవడం మొదలుపెట్టండి. కొత్త సూదిని పూర్తిగా పైకి నెట్టి, దాని పక్కనున్న గుంట హుక్ వైపు ఉండేలా బిగించండి. నీడిల్ ప్లేటు తీసేయండి. సూది అన్నిటికన్నా కిందికి దిగినప్పుడు, నీడిల్ బార్ కింది బుష్ అంచు దగ్గర బార్ మీద సన్నని గీత గీయండి. ఆ గీతకు 2.4 మి.మీ. కింద రెండో గీత. కొన్ని బార్ల మీద ఈ గీతలు ఫ్యాక్టరీవే ఉంటాయి. చక్రం ముందుకు తిప్పి, రెండో గీత బుష్ అంచుకు వచ్చేదాకా బార్‌ను లేపండి. ఆ క్షణంలో హుక్ మొన సూది మధ్యకు రావాలి, సూది కంటి పై అంచుకు సుమారు 1.6 మి.మీ. పైన ఉండాలి.

హుక్ మొన సూది మధ్యకు వచ్చింది కానీ ఎత్తు తేడాగా ఉందంటే, సరిచేయాల్సింది నీడిల్ బార్ ఎత్తు. ఎత్తు సరిగా ఉండి, హుక్ ముందుగానో ఆలస్యంగానో వస్తే హుక్‌నే కదపాలి. రెంటినీ ఒకేసారి కదిపితే ఆధారం పోతుంది.

కాంపౌండ్ ఫీడ్‌లో ఇంకో మెలిక ఉంది. సూది ముందుకూ వెనక్కూ కూడా ఊగుతుంది కాబట్టి, కుట్టు పొడవును బట్టి హుక్ మొన సూదిని కలిసే ఎత్తు మారుతుంది. అత్యంత పొట్టి కుట్టులోనూ, అత్యంత పొడవైన కుట్టులోనూ చూడండి. రెంటిలోనూ మొన కంటికి పైనే వెళ్లాలి. పొడవైన కుట్టులో మాత్రమే కుట్లు తప్పుతున్నాయంటే కారణం సాధారణంగా ఇదే.

ఇక సందు. హుక్ మొనకూ సూది గుంటకూ మధ్య 0.05 నుంచి 0.1 మి.మీ. ఉండాలి, పల్చటి కాగితం ముక్క దూరేంత. సూది నంబరు మిల్లీమీటరులో నూరో వంతు లెక్క: 110 అంటే 1.10 మి.మీ., 160 అంటే 1.60 మి.మీ. 110 సూదికి సందు కుదిర్చి 160 పెడితే సూది ఒక్కో వైపు 0.25 మి.మీ. లావవుతుంది, హుక్ మొన సూదిని గీకుతుంది. ఎక్కువగా వాడే సూది ఏదో దానికే సందు కుదర్చండి, మారినప్పుడు మళ్లీ చూడండి.

హుక్ మొన మీద వేలి గోరు నడిపి చూస్తే గరుకులు తెలుస్తాయి. 1000 నంబరు కంటే నున్నటి ఎమెరీ కాగితంతో పోగొట్టి మెరుగుపెట్టండి. మొన పొడవు తగ్గకూడదు. బాబిన్ కేసును పక్కకు లాగే ఓపెనర్ ఉంటే, దారం జారేంత సందు అది ఇస్తోందా చూడండి. ఇవ్వకపోతే ప్రతి కుట్టుకూ 'టిక్కు' మంటూ, ముడులు ఎగుడుదిగుడుగా వస్తాయి.

ఫీడ్, ఫుట్‌లు

లోపలి ఫుట్, బయటి ఫుట్ లేచే ఎత్తు దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి చాలా ఎక్కువ లేస్తే మిషను దడదడలాడుతుంది, తోలు మీద గుర్తు పడుతుంది. ఫీడ్ డాగ్ పైకి వచ్చినప్పుడు ప్లేటు మీద సుమారు 1 మి.మీ. కనిపిస్తే చాలు. మెత్తటి తోలుకు ఫీడ్ డాగ్ పళ్లు పదునుగా ఉంటే అడుగుపక్క మచ్చలు పడతాయి. వాటిని కొద్దిగా మొద్దుబరచడమో, నున్నటి ఫీడ్ డాగ్ వేయడమో మంచిది.

సూది పైకి లేచేటప్పుడు, హుక్ దారపు కన్నెను (ఉచ్చును) పట్టేదాకా, ఫుట్ తోలును అదిమి ఉంచాలి. తోలు సూదిని గట్టిగా పట్టుకుంటుంది. అదుము చాలకపోతే సూదితోపాటు తోలూ లేస్తుంది, కన్నె ఏర్పడదు, కుట్టు తప్పుతుంది. ప్లేటు దగ్గర కంటితో చూస్తే ఈ లేవడం కనిపిస్తుంది. అప్పుడు చూడాల్సింది టైమింగ్‌ను కాదు, ఫుట్ స్ప్రింగు బిగింపును.

ప్యాచర్‌కు ప్రత్యేకంగా

ప్యాచర్‌లో దారం నీడిల్ బార్ లోపలి బోలు గుండా కిందికి వస్తుంది. పొడవాటి కొక్కెం తీగ లేకుండా దాన్ని ఎక్కించలేం, మిషనుతోపాటు అది ఉందో లేదో కొనేటప్పుడే అడగండి. షటిల్‌ను (ప్యాచర్‌లో హుక్ పని చేసేదాన్ని) నడిపే రాక్ (పళ్ల కడ్డీ), చిన్న గేర్లు ముందుకూ వెనక్కూ మాత్రమే తిరుగుతాయి కాబట్టి కొన్ని పళ్లే అరుగుతాయి. ఆ ప్లే పెరిగితే ఎంత టైమింగ్ పెట్టినా షటిల్ మొన ఒక కుట్టుకు ముందు, ఇంకో కుట్టుకు ఆలస్యం. గేర్లు మార్చడమే దారి. పళ్లు ఒకవైపే తినేసి ఉంటే, గేరును అరగని పళ్లు పనిలోకి వచ్చేలా తిప్పి అమర్చి కొంతకాలం నడపవచ్చు.

కుట్టు పొడవు ఎంత పెంచినా పెరగడం లేదంటే, ఫుట్‌ను నడిపే లివర్, దాని క్యామ్ అరిగి కదలిక మధ్యలోనే పోతోంది. పాత ప్యాచర్లలో అన్నిటికన్నా తరచుగా కనిపించే అరుగుదల ఇదే. కొనేముందు అత్యంత పొడవైన కుట్టు పెట్టి, ఒక కాగితం మీద దారం లేకుండా పది బెజ్జాలు చేసి కొలవండి.

సూది, దారం, టెన్షన్

కింది జతలు బాండెడ్ నైలాన్, పాలియెస్టర్ దారాలు రెంటికీ పనికొస్తాయి. ఎండలో ఉండే వస్తువులకు పాలియెస్టర్ మేలు.

వి69: సూది 110
వి92: సూది 125
వి138: సూది 140 లేదా 160
వి207: సూది 180
వి277: సూది 200

తోలు మొన సూది తోలును కోస్తూ దిగుతుంది. గుడ్డకూ, రెక్సిన్ అడుగు గుడ్డకూ అదే వాడితే పోగులు తెగుతాయి. కుట్టు కాస్త వాలుగా అందంగా కనిపించాలంటే ఎల్‌ఆర్ మొన, తిన్నగా రావాలంటే ఎస్ మొన.

టెన్షన్ ఎప్పుడూ కింద నుంచి మొదలుపెట్టండి. బాబిన్ దారం లాగితే సన్నగా, ఎక్కడా ఆగకుండా వచ్చేలా ఉంచి, మిగతాదంతా పై పళ్లేలతో సరిచేయాలి. ముడి పైన కనిపిస్తే పై బిగింపు ఎక్కువ, అడుగున కనిపిస్తే తక్కువ. 2 మి.మీ. తోలులో వి138 పైనా కిందా వేస్తే ముడి దాగేంత చోటే ఉండదు. కింద వి92 వేస్తే సమస్య తీరుతుంది. చెక్ స్ప్రింగు దారాన్ని సూది తోలులోకి దిగేదాకా బిగువుగా ఉంచి అప్పుడు వదలాలి. ముందే వదిలితే వదులైన దారాన్ని సూదే పొడుస్తుంది, దారం చీలుతుంది. దశాబ్దాల దారం రాపిడికి గైడుల్లో, టెన్షన్ పళ్లేల్లో గాళ్లు పడి ఉంటాయి. బిగింపు ఉన్నట్టుండి మారుతోందంటే అక్కడ చూడండి.

మోటారు

పాత క్లచ్ మోటారు (ఎప్పుడూ తిరుగుతూ, తొక్కినప్పుడే మిషనుకు పట్టేది) నిమిషానికి 1725 చుట్లు తిరిగేది అనుకుందాం. దాని పుల్లీ 75 మి.మీ., చేతిచక్రం 100 మి.మీ. అయితే నిమిషానికి సుమారు 1,290 కుట్లు. తోలుకు ఇది పరుగే. పుల్లీని 50 మి.మీ.కు మారిస్తే 860కి దిగుతుంది. మధ్యలో 3:1 తగ్గింపు పుల్లీ పెడితే సుమారు 290, పైగా సూదిని దింపే బలం మూడింతలవుతుంది. సర్వో మోటారు (వేగం మార్చుకోగల ఎలక్ట్రానిక్ మోటారు) వేగాన్ని తగ్గిస్తుంది, కరెంటు ఆదా చేస్తుంది, చప్పుడు ఉండదు. కానీ చాలా సర్వోలు అతి నిదానంలో బలం కోల్పోయి మందపాటి చోట ఆగిపోతాయి. అందుకే సర్వోతోపాటు తగ్గింపు పుల్లీ కూడా పెట్టడం బరువు పనికి సరైన జోడీ. బెల్టు మధ్యలో వేలితో నొక్కితే ఒకటి రెండు సెంటీమీటర్లు దిగాలి. మరీ బిగిస్తే షాఫ్ట్ బుష్‌లు అరుగుతాయి.

మొదటి కుట్లు

మోటారు పెట్టే ముందు చేత్తో పది కుట్లు వేయండి. ముందు దారం లేకుండా, తర్వాత మీరు వాడబోయే తోలు ముక్క మీద దారంతో. మొదటి మూడు కుట్లకు రెండు దారాల చివర్లనూ వెనక పట్టుకోండి, లేకపోతే అవి హుక్‌లోకి లాగబడి ముద్దవుతాయి. అడుగున దారం గూడు కడితే తప్పు దాదాపు ఎప్పుడూ పైదే: దారం టెన్షన్ పళ్లేల మధ్య కూర్చోలేదు, లేదా టేక్-అప్ లివర్ కన్నంలోంచి పోలేదు. దారం తెగుతుంటే సూది కన్ను, ప్లేటు రంధ్రపు అంచు, హుక్ మొన ఈ వరసలో వేలితో తడిమి చూడండి. నిదానంగా కుడితే బాగుండి వేగంలో తప్పితే ఫుట్ అదుము పెంచండి. మందం మారేచోట మాత్రమే తప్పితే ఒక సైజు పెద్ద సూది వేయండి.

రోజూ వాడే మిషనుకు పని మొదలుపెట్టే ముందు ప్రతి రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు, హుక్ గాడిలో ఒక చుక్క నూనె వేసి, పనికిరాని తోలు ముక్క మీద కాస్త కుట్టి, మిగులు నూనె దానికి అంటించుకోండి.